గ్లోబల్ టైమ్స్ బెదిరిస్తే బీజింగ్ బెదిరించినట్టేనా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. చైనా ప్రభుత్వ పత్రిక గ్లోబల్ టైమ్స్ ఏదైనా రాసిందంటే అది చైనా ప్రభుత్వం మాటేనా అన్నది మొదటిది. అక్కడి జనానికి ఇంత జాతీయవాద ఆవేశం ఎక్కించింది ఆ పత్రికేనా అన్నది రెండోది.

మొదటిదానికి నా జవాబు: ప్రతి మాటా ప్రభుత్వం మాట కాదు గానీ, ప్రభుత్వం వద్దనుకున్న మాట మాత్రం అందులో నిలవదు. రెండోదానికి: ఆవేశం ఆ పత్రిక పుట్టకముందే ఉంది. దాన్ని అమ్మితే డబ్బు వస్తుందని, పైగా పార్టీ కూడా ఏమీ అనదని అందరికంటే ముందు కనిపెట్టింది మాత్రం వీళ్లే. ఇక కాస్త వివరంగా చెబుతాను. తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ఈ పత్రికతో నాకు రోజువారీ పరిచయం ఉంది.

ముందు ఆ పత్రిక ఎవరిదో చూద్దాం. చైనాలో ఏ పత్రిక పెట్టాలన్నా దానిపైన బాధ్యత వహించే ప్రభుత్వ లేదా పార్టీ సంస్థ ఒకటి ఉండాల్సిందే. సొంతంగా ఎవరూ వార్తాపత్రిక పెట్టలేరు. గ్లోబల్ టైమ్స్‌కు యజమాని పీపుల్స్ డైలీ. అది 1948లో మొదలైన, కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ అధికార పత్రిక. పీపుల్స్ డైలీని జనం ఇష్టపడి కొనాల్సిన పని లేదు. ఆఫీసులు, బడులు, పార్టీ శాఖలు చందా కడతాయి. 1990లలో అక్కడి పత్రికలన్నిటికీ ఒక చిక్కు వచ్చింది. ప్రభుత్వ సాయం తగ్గుతోంది, మీ ఖర్చు మీరే సంపాదించుకోండి అన్నారు. దాంతో పెద్ద పార్టీ పత్రికలు జనం కొనే చిన్న పత్రికలను పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టాయి. పీపుల్స్ డైలీ 1993లో అలా తెచ్చిన వారపత్రికే ఇది. విదేశీ విశేషాలు, సినిమా తారల కబుర్లతో తేలిగ్గా ఉండేది. 1997లో పేరు మార్చి 'హువాన్‌చ్యూ షిబావో' చేశారు. మనం గ్లోబల్ టైమ్స్ అంటున్నది దీన్నే. తర్వాత అది దినపత్రిక అయింది. ఇంగ్లిష్ ఎడిషన్ 2009 ఏప్రిల్‌లో వచ్చింది.

అంటే దీనికి యజమాని పార్టీ, కొనేవాడు మాత్రం వీధి చివర స్టాల్ దగ్గర నిలబడ్డ మామూలు పాఠకుడు. ఇద్దరినీ మెప్పించాలి. స్థానిక అవినీతి మీదో, భూముల గొడవల మీదో రాస్తే పాఠకుడు మెచ్చుకుంటాడు, పార్టీ ఊరుకోదు. పార్టీ తీర్మానాలు వేస్తే పార్టీ మెచ్చుకుంటుంది, పాఠకుడు ముట్టుకోడు. ఇద్దరికీ నచ్చే సరుకు ఒక్కటే దొరికింది: అమెరికా మనల్ని అణగదొక్కుతోంది, జపాన్ బుద్ధి మారలేదు, తైవాన్ మనదే. గట్టిగా అరిచినా ఉద్యోగం పోని విషయాలు చైనాలో తక్కువ. వాటిలో ఇదొకటి.

ఈ సంగతి తేలిపోయింది 1999 మే నెలలో. బెల్‌గ్రేడ్‌లోని చైనా రాయబార కార్యాలయం మీద నాటో విమానాలు బాంబులు వేశాయి. ముగ్గురు చైనా పాత్రికేయులు చనిపోయారు. పొరపాటున జరిగిందని అమెరికా అంది. చైనాలో ఎవరూ నమ్మలేదు, ఈ రోజుకీ నమ్మరు. బీజింగ్‌లో విద్యార్థులు అమెరికా ఎంబసీ మీద రాళ్లు వేశారు. ఆ రోజుల్లో ఈ పత్రిక అమ్మకాలు ఒక్కసారిగా ఎగిశాయి. తర్వాత 2001లో హైనాన్ దగ్గర అమెరికా గూఢచారి విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నప్పుడూ అదే ఊపు.

ఈ పత్రికకు రూపం ఇచ్చిన మనిషి హు షీజిన్. 2005 నుంచి 2021 డిసెంబర్ దాకా ప్రధాన సంపాదకుడు. ఆయన జీవితం తెలిస్తే పత్రిక సగం అర్థమవుతుంది. 1978లో సైన్యం నడిపే కళాశాలలో చేరాడు, తర్వాత రష్యన్ భాష చదివాడు. 1989లో బీజింగ్ తియనాన్మెన్ చౌక్‌లో జరిగిన, చివరికి సైన్యం అణచేసిన ప్రజాస్వామ్య నిరసనలకు వెళ్లినవాళ్లలో తానూ ఉన్నానని తనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత పీపుల్స్ డైలీలో చేరి యుగోస్లావియా యుద్ధాన్ని రిపోర్ట్ చేశాడు. సోవియట్ కూలడం, యుగోస్లావియా ముక్కలవడం చూశాక, బలమైన పార్టీ లేకపోతే దేశం ఏమైపోతుందో అర్థమైందని అనేకసార్లు రాశాడు. ఆయన్ని ఊరికే ప్రభుత్వ బంట్రోతు అనుకోవద్దు. తను రాసేది మనస్ఫూర్తిగా నమ్మినవాడనే నాకు అనిపిస్తుంది. అలాంటివాడితోనే ఎక్కువ ప్రభావం.

విదేశాంగ శాఖ, భద్రతా శాఖల అధికారులతో తాను తరచూ కూర్చుంటానని, వాళ్లు బయటికి అనలేని మాటలు తాను అంటానని ఆయన ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. ఇదీ అసలు కిటుకు. అధికారి మనసులో ఉన్నది బయటికి వస్తుంది, రేపు ఎవరైనా నిలదీస్తే "అది పత్రిక అభిప్రాయం" అని తప్పించుకోవచ్చు. చైనా నెటిజన్లే ఆయనకు ఒక ఎగతాళి పేరు పెట్టారు. పార్టీ ఫ్రిస్బీ (కుక్కలతో ఆడించే ప్లాస్టిక్ పళ్లెం) ఎంత దూరం విసిరినా ఎగిరి పట్టుకొచ్చేవాడని. మనం చెప్పే వర్ణనలన్నిటికంటే ఇదే కచ్చితంగా ఉంది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2017 డోక్లాం. జూన్‌లో మొదలై ఆగస్టు 28 దాకా నడిచింది. భూటాన్, చైనా రెండూ మాదంటున్న పీఠభూమి మీద చైనా రోడ్డు వేయబోతే మన సైన్యం అడ్డుకుంది. ఆ రెండు నెలలూ గ్లోబల్ టైమ్స్ రోజూ ఏదో ఒకటి రాసింది. 1962 గుర్తుచేసింది, వెళ్లకపోతే తరిమేస్తామంది. ఆగస్టు మొదటి వారంలో షాంఘైలోని ఒక పరిశోధనా సంస్థ అధ్యాపకుడి అభిప్రాయం వేసింది. రెండు వారాల్లోపు చిన్నపాటి సైనిక చర్య జరగొచ్చని ఆయన ఊహ. ఒక ప్రొఫెసర్ ఊహ అది. మర్నాటికి మన టీవీల్లో "భారత్‌కు చైనా రెండు వారాల గడువు" అయి కూర్చుంది.

అదే వారంలో, ఆగస్టు 2న, చైనా విదేశాంగ శాఖ 15 పేజీల పత్రం విడుదల చేసింది. అందులో జూలై ఆఖరుకి అక్కడ 40 మందికి పైగా భారత సైనికులు, ఒక బుల్డోజర్ మిగిలాయని రాశారు. మనవాళ్లు ఆ లెక్క ఒప్పుకోలేదు, బలగాలు తగ్గించలేదన్నారు. ఎవరి లెక్క నిజమన్నది పక్కన పెడదాం. వందల్లో ఉన్నవాళ్లు నలభై చిల్లరకి తగ్గారని ఒక ప్రభుత్వం తన ప్రజలకు చెబుతోందంటే, అది యుద్ధానికి సిద్ధమవుతున్న గొంతులా లేదు. దిగిరావడానికి మెట్లు కట్టుకుంటున్నట్టుంది. అసలు వార్త అది. దాన్ని చాలామంది లోపలి పేజీల్లో వేశారు, ప్రొఫెసర్‌ని బ్యానర్ చేశారు.

ఇది ఎందుకు జరుగుతుందో డెస్క్‌లో కూర్చున్నవాళ్లకి తెలుసు. బీజింగ్ నుంచి వచ్చే ఏజెన్సీ కాపీలో "చైనా అధికార పత్రిక గ్లోబల్ టైమ్స్ ఒక వ్యాసంలో పేర్కొంది" అని చక్కగానే ఉంటుంది. దాన్ని సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో పట్టించాలి. రెండు లైన్లు, లైనుకి పది పన్నెండు అక్షరాలు. ముందుగా ఎగిరిపోయేది "వ్యాసం", తర్వాత "పత్రిక". చివరికి మిగిలేది "భారత్‌కు చైనా హెచ్చరిక". టీవీ స్క్రోలింగ్‌లో ఆ ముక్క పక్కన ఒక యుద్ధవిమానం బొమ్మ కూడా చేరుతుంది. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఇంగ్లిష్‌లో దొరుకుతుంది, అనువాదానికి సులువు, ఘాటుగా ఉంటుంది, ఏ రాత్రైనా ఒక ముక్క సిద్ధంగా ఉంటుంది. పీపుల్స్ డైలీ సంపాదకీయం నాలుగుసార్లు చదివినా హెడ్డింగ్ దొరకదు.

కానీ చైనా నిజంగా హెచ్చరించాలనుకుంటే వాడేది ఆ దొరకని పత్రికనే. 1962 సెప్టెంబర్ 22న పీపుల్స్ డైలీ భారత్ మీద ఒక సంపాదకీయం రాసింది. ఇది కూడా భరిస్తే ఇంకేం భరించకూడదు అన్నట్టు శీర్షిక, ముందే చెప్పలేదని అనవద్దు అన్న ముగింపు. నెల తిరిగేసరికి, అక్టోబర్ 20న, యుద్ధం. 1978 డిసెంబర్‌లో వియత్నాం మీద, మా సహనానికి హద్దుందని అదే పత్రిక రాసింది. 1979 ఫిబ్రవరిలో చైనా సేనలు సరిహద్దు దాటాయి. ఇక 2019 మేలో అమెరికాతో వాణిజ్య గొడవ నడుస్తుండగా, ఎలక్ట్రానిక్ పరికరాలకు కావాల్సిన రేర్ ఎర్త్ ఖనిజాల విషయంలో అవే "ముందే చెప్పలేదనవద్దు" అన్న మాటలు మళ్లీ పీపుల్స్ డైలీలో కనిపించాయి. ఈసారి యుద్ధమేమీ రాలేదు గానీ, దౌత్యవేత్తలు ఉలిక్కిపడ్డారు. ఆ మాట ఎప్పుడు వాడతారో వాళ్లకు తెలుసు కాబట్టి.

అందుకే నా లెక్కలో వరుస ఇది. రక్షణ, విదేశాంగ శాఖల ప్రకటన అన్నిటికంటే పైన. తర్వాత పీపుల్స్ డైలీ సంపాదకీయం, అందులోనూ 'ఝోంగ్ షెంగ్' అనే కలంపేరుతో వచ్చే విదేశీ వ్యవహారాల వ్యాసాలు. తర్వాత ప్రభుత్వ వార్తాసంస్థ షిన్‌హువా వ్యాఖ్య. వీటి కింద గ్లోబల్ టైమ్స్ సంపాదకీయం, ఇంకా కింద అందులో బయటివాళ్లు రాసే వ్యాసాలు. ఆ పత్రిక సోషల్ మీడియా పోస్టుల్ని నేను అసలు లెక్కలోకి తీసుకోను.

మరి గల్వాన్? 2020 జూన్ 15 రాత్రి. మన సైనికులు 20 మంది చనిపోయారు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట మనిషి. ఆ వారం తెలుగు ఇళ్లలో చైనా అన్న పేరు ఎలా పలికిందో చెప్పక్కర్లేదు. గ్లోబల్ టైమ్స్ స్వభావం ప్రకారమైతే అప్పుడు నిప్పులు కక్కాలి. జరిగింది వేరు. చైనా పత్రికలు ఆ వార్తని చాలా తక్కువగా చూపాయి. తమవైపూ నష్టం జరిగిందని హు షీజిన్ ట్విటర్లో ఇంగ్లిష్‌లో రాశాడు. సంఖ్య చెప్పకపోవడానికి కారణం, రెండు దేశాల జనం లెక్కలు పోల్చుకుని రెచ్చిపోకూడదనే అన్నాడు. ట్విటర్ చైనాలో పనిచేయదు. అంటే ఆ మాట మనకోసం.

చనిపోయిన నలుగురు సైనికుల పేర్లు చైనా ఎనిమిది నెలల తర్వాత, 2021 ఫిబ్రవరి 19న బయటపెట్టింది. అప్పటికి రెండు సైన్యాలూ పాంగాంగ్ సరస్సు దగ్గర వెనక్కి జరుగుతున్నాయి. ఆ రోజున మాత్రం పత్రికలన్నీ వీరగాథలతో నిండిపోయాయి. ఆ లెక్కను శంకించిన ఒక బ్లాగర్‌కి ఎనిమిది నెలల జైలు వేశారు. గాయపడ్డ రెజిమెంట్ కమాండర్ చీ ఫబావో చేత 2022 శీతాకాల ఒలింపిక్స్ జ్యోతి పట్టించారు. దానికి నిరసనగా మన దౌత్యవేత్తలు ప్రారంభ, ముగింపు వేడుకలకు వెళ్లలేదు. మీ మొదటి ప్రశ్నకి నాకు తెలిసిన అన్నిటికంటే బలమైన జవాబు ఈ ఎనిమిది నెలల మౌనమే. డోక్లాంలో ఎవరూ చావలేదు, రోజూ అరిచారు. గల్వాన్‌లో మనుషులు చచ్చిపోయారు, గొంతు తగ్గించారు. ఎంత శబ్దం చేయాలో పత్రిక చేతిలో లేదు.

ఇక రెండో ప్రశ్న. చైనా జాతీయవాదానికి పత్రిక కంటే బడి పెద్ద కారణం. 1989 తర్వాత, సమసమాజం అనే మాట మీద యువతకి నమ్మకం పోయిందని పార్టీకి అర్థమైంది. 1994లో దేశభక్తి విద్యా కార్యక్రమం మొదలుపెట్టారు. నల్లమందు యుద్ధాల నుంచి జపాన్ దాడి దాకా ఒక శతాబ్దపు అవమానం, దాన్నుంచి పార్టీ కాపాడిందన్న కథ ప్రతి పాఠంలోకి, ప్రతి మ్యూజియంలోకి వచ్చింది. అలా చదువుకుని బయటికొచ్చిన పిల్లలే గ్లోబల్ టైమ్స్ పాఠకులయ్యారు. పైగా ఆ అవమానం కల్పన కాదు. నాన్‌జింగ్‌లో 1937లో జపాన్ సైన్యం చేసిన ఊచకోత ఏమిటో ఎవరూ పాఠ్యపుస్తకంలోనే చదవక్కర్లేదు, ఆ ఊళ్లో కుటుంబాల్లోనే ఉంది.

పత్రిక చేసింది ఏమిటంటే, ఆ గాయానికి రోజువారీ భాష ఇచ్చింది. 2016లో ఆస్ట్రేలియాని కాగితప్పులి కూడా కాదు కాగితపు పిల్లి అంది. 2020లో హు షీజిన్ అదే దేశాన్ని బూటు కింద అంటుకున్న చూయింగ్ గమ్‌తో పోల్చాడు. విదేశాంగ విధానం గురించి ఇలా మాట్లాడొచ్చని సామాన్య పాఠకుడికి నేర్పింది ఈ పత్రికే. తర్వాత కొందరు దౌత్యవేత్తలు కూడా ఇలాగే మాట్లాడటం మొదలుపెట్టారు. నా దృష్టిలో దీని అసలైన ప్రభావం అది. అభిప్రాయాలను పెద్దగా మార్చలేదు, మర్యాద గీతని జరిపింది.

ఇంట్లో విమర్శకుల మీద కూడా ఇదే పని. 2011 ఏప్రిల్‌లో కళాకారుడు ఐ వేవేని పట్టుకెళ్లినప్పుడు మిగతా చైనా పత్రికలు నోరు మెదపలేదు. గ్లోబల్ టైమ్స్ సంపాదకీయం రాసి, ఒక విపరీత మనిషి కోసం చట్టం వంగదని చెప్పింది. ఆయన్ని తిట్టడానికే అయినా, ఆయన అరెస్టయ్యాడన్న సంగతి చాలామంది చైనీయులకి తెలిసింది ఈ పత్రిక వల్లే అయి ఉండాలి. ఈ తిరకాసు ఇంగ్లిష్ ఎడిషన్‌లో ఇంకా ఎక్కువ. 2009 జూన్ 4న, తియనాన్మెన్‌కి 20 ఏళ్లయిన రోజున, చైనీస్ పత్రికలు ముట్టుకోని ఆ విషయాన్ని ఇంగ్లిష్ గ్లోబల్ టైమ్స్ ప్రస్తావించింది. 2021 నవంబర్‌లో, మాజీ ఉప ప్రధాని మీద లైంగిక ఆరోపణ చేశాక కనిపించకుండా పోయిన టెన్నిస్ క్రీడాకారిణి పెంగ్ షువై ఎక్కడుందని ప్రపంచం అడుగుతుంటే, ఆమె క్షేమమేనని హు షీజిన్ ట్విటర్లో వీడియోలు పెట్టాడు. ట్విటర్ లాంటి చైనా వేదిక వీబోలో ఆమె పేరు వెతికితేనే ఏమీ రాని రోజులవి. కాబట్టి ఇంగ్లిష్‌లో చదివి "చైనా ప్రజలకు ఇలా చెబుతున్నారు" అని ఎవరైనా అంటే నమ్మకండి. రెండు ఎడిషన్ల పాఠకులు వేరు, అవసరాలు వేరు.

రెచ్చగొట్టిన కోపం చెయ్యి దాటిన సందర్భాలూ ఉన్నాయి. 2012 సెప్టెంబర్‌లో, రెండు దేశాలూ మాదంటున్న దీవుల విషయమై జపాన్ వ్యతిరేక ప్రదర్శనలు జరిగినప్పుడు, షియాన్ నగరంలో జపాన్ కంపెనీ కారు నడుపుతున్న ఒక చైనా పౌరుడినే తల పగలగొట్టారు. ఆయనకు పక్షవాతం వచ్చింది. 2016లో దక్షిణ చైనా సముద్రం మీద అంతర్జాతీయ తీర్పు వ్యతిరేకంగా రాగానే కొందరు అమెరికా కంపెనీ అని కేఎఫ్‌సీ దుకాణాల ముందు నిరసనకు కూర్చున్నారు. ఇది తెలివితక్కువ దేశభక్తి అని అధికార మీడియానే మందలించాల్సి వచ్చింది.

అందరికంటే ఇబ్బంది పడ్డది 2022 ఆగస్టులో, అదీ హు షీజినే. అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ వస్తోంది. ఆమెకి అమెరికా యుద్ధవిమానాలు తోడొస్తే కూల్చేసే హక్కు కూడా మాకుందన్నట్టు ఆయన ట్వీట్ చేశాడు. తర్వాత అది తీసేయాల్సి వచ్చింది. చైనాలో లక్షలమంది ఆ రాత్రి నిద్రపోకుండా ఆమె విమానాన్ని ఫోన్లలో చూస్తూ కూర్చున్నారు. విమానం దిగింది, ఆమె నడిచి వెళ్లిపోయింది. ఆ రాత్రే పెద్ద ఎత్తున సైనిక విన్యాసాలు ప్రకటించినా జనం కోపం ముందుగా పడింది ఆయన మీదే. మమ్మల్ని ఊరించి మోసం చేశావన్నారు. పార్టీకి ఇలాంటి రచయితల వల్ల ఇంకో లాభం ఇది. మాట నిలబడకపోతే తిట్లు తినడానికి ఒక మనిషి ఉంటాడు.

అప్పటికే ఆయన సంపాదకుడిగా లేడు, వ్యాఖ్యాతగా మిగిలాడు. వీబోలో 2 కోట్లకు పైగా అనుచరులున్నారు. వాళ్లలో చాలామందికి ఇప్పుడు ఆయన మరీ మెత్తగా కనిపిస్తున్నాడు. ఆయన నేర్పిన భాషని ఆయనకంటే గట్టిగా మాట్లాడే కుర్రాళ్లు వచ్చారు. 2024 జూలైలో పార్టీ కేంద్ర కమిటీ సమావేశం (ప్లీనం) చేసిన ఆర్థిక తీర్మానం మీద, ప్రైవేటు రంగానికి ప్రభుత్వ రంగంతో సమాన హోదా ఇచ్చినట్టు అర్థం వచ్చేలా ఒక వ్యాసం రాశాడు. వెంటనే ఖాతా మూగబోయింది. అక్టోబర్ చివరిదాకా ఒక్క పోస్టు లేదు. ఫ్రిస్బీ ఎటు వెళ్తుందో ఒక్కసారి తప్పుగా అంచనా వేస్తే ఆయన స్థాయి మనిషికైనా అంతే.

మీరు అడగకపోయినా, బయటి దేశాలు దీన్ని ఎలా చూస్తాయన్నది కూడా చెబుతున్నాను. 2020 జూన్‌లో అమెరికా దీన్ని మామూలు పత్రికగా కాకుండా విదేశీ ప్రభుత్వ కార్యాలయం కింద లెక్కగట్టింది, పీపుల్స్ డైలీతో కలిపి. మన దేశం 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ సమయంలో, ముందుగా బీజింగ్‌లోని మన ఎంబసీ ద్వారా బహిరంగంగానే ఈ పత్రికకి చెప్పింది, నిజానిజాలు సరిచూసుకుని రాయండని. వారం తర్వాత ఎక్స్‌లో దాని ఖాతా మన దేశంలో కనిపించకుండా చేశారు. ఆ నిలుపుదల ఎక్కువసేపు ఉండలేదు, త్వరలోనే మళ్లీ తెరిచారు. ఎంబసీ ఇచ్చిన జవాబు సరైనదనే నా అభిప్రాయం. తప్పు వార్త వేసినప్పుడు పేరు పెట్టి తప్పని చెప్పాలి. ఖాతా మూయడం వల్ల ఒరిగిందేమీ లేదు. ఆ వ్యాసాలు మన జనానికి చేరేది ఎక్స్ నుంచి కాదు, మన ఛానళ్ల స్క్రోలింగ్ నుంచే.

ఈసారి "చైనా హెచ్చరిక" అన్న ముక్క కనిపిస్తే హెడ్డింగ్ వదిలేసి రెండో పేరా చదవండి. హెచ్చరించింది ఎవరో అక్కడ రాసి ఉంటుంది. మంత్రిత్వ శాఖ ప్రతినిధి అయితే పట్టించుకోండి. షాంఘై ప్రొఫెసర్ అయితే పేజీ తిప్పేయండి.